ఇంటి ఆవరణ సంరక్షణ: చదువుతో పాటు సాగే చిరువ్యాపారం

హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాలలో విడి ఇళ్ల కాలనీలు, మిద్దెతోటలు పెరిగినకొద్దీ, పెరట్లో కలుపు తీయడానికి, పచ్చిక కత్తిరించడానికి, గచ్చు మీది పాచి వదిలించడానికి, నీటి ట్యాంకులు కడగడానికి నమ్మకస్తులైన పనివారి అవసరమూ పెరిగింది. సెలవు రోజులలో తీరిక ఉండే విద్యార్థులు, ఉద్యోగ ప్రయత్నాలలో ఉన్నవారు స్వల్ప పెట్టుబడితో చేపట్టదగిన ఉపవృత్తి ఇది. అయితే ఒక్కసారి చేసి వచ్చే పనుల మీద కాక, నెలవారీ ఒప్పందాల మీద నడిచినప్పుడే ఇది నిలకడైన ఆదాయాన్నిస్తుంది.

ఆవరణ పనులు వాటి స్వభావం రీత్యానే పదే పదే చేయవలసినవి. గడ్డి ఎత్తులో మూడో వంతుకు మించి ఒకేసారి కోస్తే మొక్క బలహీనపడి పచ్చిక పసుపుబారుతుంది కనుక, వానాకాలంలో వారం పది రోజులకొకసారి కొద్దికొద్దిగా కత్తిరించాలి. డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ దోమ గుడ్డు నుంచి రెక్కల దోమగా ఎదగడానికి కూడా సుమారు అంతే కాలం పడుతుంది. ప్రభుత్వ యంత్రాంగం శుక్రవారాన్ని ‘డ్రై డే’గా, అంటే నిలవ నీటిని ఖాళీ చేసే రోజుగా, పాటించమనడంలోని ఆంతర్యమిదే. ఈ దోమ నీటిమట్టానికి కాస్త పైన, తడి అంచులకు గుడ్లను అంటించి పెడుతుంది; అవి ఎండిపోయినా నెలల తరబడి చావవు. అందువల్ల కుండీల కింది పళ్లేలలో నీళ్లు పారబోయడంతో సరిపెట్టక, వాటి అంచులను బ్రష్‌తో గట్టిగా రుద్దాలి. ఈ సంగతి ఇంటివారికి వివరించగలిగిన యువకుడికి వారంవారం పని అడిగే అర్హత దానంతటదే వస్తుంది.

ట్యాంకుల పనిలో లెక్క తప్పకూడదు. అడుగు మడ్డి తీసి గోడలు రుద్దిన తరువాత, 33 శాతం క్లోరిన్ లభించే బ్లీచింగ్ పౌడర్‌ను వెయ్యి లీటర్ల నీటికి సుమారు 150 గ్రాముల చొప్పున కలిపితే లీటరుకు 50 మిల్లీగ్రాముల క్లోరిన్ అందుతుంది. ఆ నీటిని ఒక రోజు నిలవ ఉంచి, వాడకుండా పారబోసి, ట్యాంకును మళ్లీ కడగాలి. పాచి త్వరగా పోతుందని బ్లీచింగ్‌తో యాసిడ్ కలపడం ప్రాణాంతకం, ఎందుకంటే ఆ కలయిక నుంచి విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది. భూమిలోని సంపులో గాలి ఆడదు కాబట్టి, మూత తెరిచి గాలి పోనిచ్చి, పైన ఒక మనిషిని కాపలా ఉంచనిదే దిగరాదు. సెప్టిక్ ట్యాంకుల పని ఎంత డబ్బు ఇస్తామన్నా ఒప్పుకోకూడదు. రక్షణ సాధనాలు లేకుండా అందులోకి మనుషులను దింపడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది.

ధర నిర్ణయంలో కొత్తవారు యంత్రాల అరుగుదలను మరిచిపోతుంటారు. ఉదాహరణకు, 12,000 రూపాయల ప్రెషర్ వాషర్, అంటే నీటిని అధిక పీడనంతో చిమ్మే యంత్రం, 300 పనులకు వస్తుందనుకుంటే, ఒక్కో పనిపై 40 రూపాయలు దాని ఖాతాలోకే పోతాయి. పెట్రోలు, మందులు, సహాయకుడి కూలి దీనికి అదనం. కనుక మొదట పార, కత్తెర, బ్రష్‌లతో రెండు మూడు ఇళ్లను కుదుర్చుకుని, యంత్రాన్ని అద్దెకు తెచ్చి వాడి చూసి, పని నిలిచిన తరువాతే కొనడం మేలు. ఇళ్లన్నీ ఒకే కాలనీలో ఉంటే ప్రయాణం మీద పోయే సమయమూ మిగులుతుంది.

మొక్కల పెంపకంపై పట్టు సాధించాలనుకునేవారికి రెండు తెలుగు రాష్ట్రాలలోని ఉద్యాన విశ్వవిద్యాలయాల డిప్లొమా కోర్సులు ఉపకరిస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లోని కడియం నర్సరీలలో కొన్నాళ్లు పనిచేసినా మంచి అనుభవ జ్ఞానం అబ్బుతుంది. సూక్ష్మ, చిన్న సంస్థలకు ప్రభుత్వమిచ్చే గుర్తింపైన ఉద్యమ్ నమోదుకు ఆధార్, పాన్ చాలు, రుసుము లేదు. ముద్ర పథకంలోని శిశు విభాగం కింద 50,000 రూపాయల వరకు రుణానికి దరఖాస్తు చేసుకోవచ్చు.