రేపు రండి

‘నేడు నగదు – రేపు అరువు’ అని రాసిన పలక మన ఊళ్ళలోని కిరాణా దుకాణాలలో చాలామందికి పరిచితమే. ఆ రేపు ఎన్నడూ రాదు. చదివినవారు నవ్వుకొని నగదు చెల్లించి వెళతారు. కాదనే మాటను నొప్పించకుండా చెప్పడమే వ్యంగ్యానికి గల శక్తి.

ఈ ‘రేపు’ అనే మాట మీదనే స్పెయిన్ దేశ రచయిత మరియానో హోసే దె లార్రా (1809–1837) 1833లో ‘రేపు రండి’ అనే వ్యాసం రచించాడు. నిత్యజీవితాన్ని, ఆచారవ్యవహారాలను చిత్రించే వ్యాసాలు ఆ కాలపు స్పెయిన్‌లో ఒక ప్రత్యేక ప్రక్రియగా వర్ధిల్లాయి. లార్రా వ్యాసంలో ఒక ఫ్రెంచివాడు పదిహేను రోజులలో పనులు ముగించుకోగలనన్న ధీమాతో మాడ్రిడ్ నగరానికి వస్తాడు. అతని పేరుకు ‘ఆలస్యం లేనివాడు’ అని అర్థం. ఎవరిని అడిగినా ఒకటే సమాధానం: రేపు రండి. ఆరు నెలలు తిరిగి, విసిగి, అతడు స్వదేశానికి మరలిపోతాడు. చివరకు కథకుడు తానూ సోమరినేనని ఒప్పుకుంటాడు.

తెలుగులో ఈ మార్గానికి పానుగంటి లక్ష్మీనరసింహారావు (1865–1940) ‘సాక్షి’ వ్యాసాలు ప్రసిద్ధమైన ఉదాహరణ. లండన్‌లో 1711లో అడిసన్, స్టీల్ ప్రారంభించిన ‘స్పెక్టేటర్’ పత్రిక వీటికి ప్రేరణ. సాక్షి, జంఘాలశాస్త్రి, కాలాచార్యుడు, వాణీదాసు, బొర్రయ్యసెట్టి అనే అయిదుగురు కల్పిత సభ్యుల సంఘం లోకం పోకడలను పరిశీలిస్తుంది. మాతృభాషను చులకన చేసే విద్యావంతులను జంఘాలశాస్త్రి తన ఉపన్యాసంలో నిలదీస్తాడు. లార్రా పరదేశి అనుభవం ద్వారా స్వదేశాన్ని చూపాడు. పానుగంటి మన మధ్యనే తిరిగే మనిషి నోట పలికించాడు.

ఈ వ్యాసాలు కేవలం నవ్వుకోవడానికేనా? నిజాంసాగర్ నుండి ఒక రైతు ధ్రువపత్రం కోసం బాన్సువాడకు వెళ్ళాడని ఊహించండి. ‘రేపు రండి’ అన్న ఒక్క మాటతో అతడు ఆనాటి పనిని, రానుపోను బస్సు కిరాయిని కోల్పోతాడు. నాట్ల సమయమైతే ఆ నష్టం మరింత పెద్దది. దుకాణదారుని ‘రేపు’ అతని సొమ్మును కాపాడుతుంది. బల్ల వెనుక కూర్చున్నవాని ‘రేపు’ ఎదుటివాని దినాన్ని దోచుకుంటుంది. మాట ఒకటే, ఫలితం వేరు. ఈ తేడాను గుర్తింపజేయడమే వ్యంగ్యవ్యాసకర్త చేసే సేవ.

ఉత్తమ వ్యంగ్యం మనిషిని ద్వేషించదు, దురాచారాన్ని ఎత్తిచూపుతుంది. ఇతరులను చూసి నవ్విన పాఠకుడు ఆ అద్దంలో తన ముఖాన్ని కూడా గుర్తించినప్పుడే దాని ప్రయోజనం నెరవేరుతుంది.

ఆలోచించండి – రాయండి
1. లార్రా, పానుగంటి లోకాన్ని చూపిన తీరులలోని భేదాన్ని వివరించండి.
2. మీ ఊరిలో కనిపించే ఒక అలవాటుపై, ఎవరినీ పేరు పెట్టి నిందించకుండా, పది వాక్యాలలో వ్యంగ్యవ్యాసం రాయండి.