రిజిస్టరు నుంచి డేటాబేస్ దాకా: ఒక టూల్ చేయడం, దాన్ని అమ్మడం



"మీ నాన్నగారు ఆఫీసులో ఏం చేస్తారు?" అని మన బడిలో ఏ పిల్లవాణ్ణి అడిగినా "కంప్యూటర్ మీద ఏదో పని" అంటాడు. అమ్మ గురించి అడిగినా తరచు అదే జవాబు. ఆ 'ఏదో పని'లో చాలా భాగం డేటాబేస్ చుట్టూ తిరుగుతుంది. డేటాబేస్ అంటే ఏమిటి, అందులో ఉన్నది చూసి, దిద్దుకునే టూల్ ఎలా తయారవుతుంది, తయారైన టూల్ నలుగురి చేతుల్లోకి ఎలా వెళుతుంది? ఈ మూడు విషయాలూ ఈ పాఠంలో నేర్చుకుందాం. మూడోదే అన్నిటికంటే కష్టమైనది. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో మాకు ఎవరూ చెప్పనిది కూడా అదే!

1. మన బడి రిజిస్టరు

ఒక తెలుగు బడి హాజరుపట్టీ ఊహించుకోండి. పేరు, తరగతి, అమ్మానాన్నల ఫోన్ నంబరు, ఎలర్జీలు అని నాలుగు నిలువు వరుసలు. ఒక్కో పిల్లవాడికి ఒక్కో అడ్డు వరుస. దీన్నే పట్టిక అంటాం.

ఇప్పుడు రెండు చిక్కులు చూడండి. మొదటిది: అన్నాచెల్లెళ్ళు ఇద్దరూ బడికి వస్తారు. వాళ్ళ అమ్మగారు ఫోన్ నంబరు మార్చుకున్నారు. అన్న వరుసలో దిద్ది, చెల్లెలి వరుసలో మరిచిపోతే ఒకే ఇంటికి రెండు నంబర్లు! రెండోది ఇంకా పెద్ద చిక్కు. తెలుగు బడి అన్నాక ఇద్దరు ముగ్గురు సాయిలు ఉండక తప్పదు. వాళ్ళలో ఒక సాయికి పల్లీలు పడవు. ఆ మాట పొరపాటున ఇంకో సాయి వరుసలో రాశామనుకోండి. సంక్రాంతి పండక్కి పల్లీపట్టి పంచేటప్పుడు ఏమవుతుంది? రిజిస్టరులో ఒక్క గడి తప్పితే ఒక పిల్లవాడి ప్రాణం మీదికి రావచ్చు. అందుకే డేటాబేస్ దిద్దే టూల్ చేయడం ఆషామాషీ వ్యవహారం కాదు.

2. దాచే చోటు, దాచే పద్ధతి

సమాచారం దాచాలంటే ముందు చోటు కావాలి. ఈ విషయంలో మన మాంచెస్టర్‌ది గొప్ప చరిత్ర! ప్రోగ్రామును తన మెమరీలోనే దాచుకుని నడిచిన మొట్టమొదటి ఎలక్ట్రానిక్ కంప్యూటర్ 1948 జూన్ 21న మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో పనిచేసింది. ఫ్రెడ్డీ విలియమ్స్, టామ్ కిల్‌బర్న్, జెఫ్ టూటిల్ గార్లు తయారుచేసిన ఆ యంత్రాన్ని ముద్దుగా 'బేబీ' అంటారు. దాని మెమరీ 1024 బిట్లు. ఈనాటి పద్ధతిలో 'అమ్మ' అని రాయడానికి 96 బిట్లు పడతాయి. అంటే పదిసార్లు 'అమ్మ' అని రాస్తే ఆ మెమరీ దాదాపు నిండిపోయేదన్నమాట! దాని నమూనా యంత్రం లివర్‌పూల్ రోడ్డులోని సైన్స్ అండ్ ఇండస్ట్రీ మ్యూజియంలో ఉంది.

చోటు పెరిగాక పద్ధతి కావాల్సి వచ్చింది. ఆ పద్ధతి చెప్పిన ఎడ్గార్ కాడ్ గారు కూడా ఈ దేశంవారే. డోర్సెట్‌లో 1923లో పుట్టి, ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, అమెరికాలో ఐబీఎం కంపెనీలో పనిచేశారు. 1970లో ఆయన రాసిన వ్యాసం సారాంశం ఇది: సమాచారాన్ని పట్టికలుగా పెట్టండి, ఒక సంగతిని ఒకే చోట రాయండి, పట్టికలను గుర్తింపు సంఖ్యలతో కలపండి.

మన రిజిస్టరుకు ఇదే వర్తింపజేద్దాం. 'కుటుంబాలు' అని ఒక పట్టిక, 'పిల్లలు' అని ఇంకొకటి. ఫోన్ నంబరు కుటుంబం పట్టికలో ఒక్కసారే ఉంటుంది. ప్రతి పిల్లవాడికీ ఇంకెవరికీ లేని ఒక సంఖ్య ఇస్తాం. సాయిలు ఎంతమంది ఉన్నా 17వ సంఖ్య సాయి ఒక్కడే. దీన్ని ప్రైమరీ కీ అంటారు. రెండు చిక్కులూ తీరిపోయాయి!

3. గడిలో అక్షరం మారిస్తే తెర వెనుక ఏం జరుగుతుంది?

డేటాబేస్‌తో మాట్లాడటానికి ఎస్‌క్యూఎల్ అనే భాష ఉంది. అందరూ ఆ భాష నేర్చుకోలేరు కదా! అందుకే దిద్దే టూల్ కావాలి. అది పట్టికను గళ్ళు గళ్ళుగా చూపిస్తుంది. మనం గడిలో 'పల్లీలు' అని రాస్తే, అది మన తరఫున డేటాబేస్‌కు ఒక వాక్యం పంపుతుంది: "పిల్లలు పట్టికలో, 17వ సంఖ్య ఉన్న వరుసలో, ఎలర్జీ గడిని పల్లీలు అని మార్చు."

ఈ వాక్యంలో ప్రాణమంతా "17వ సంఖ్య ఉన్న వరుసలో" అన్న ముక్కలో ఉంది. అది జారిపోతే బడిలో పిల్లలందరికీ పల్లీ ఎలర్జీ వచ్చేస్తుంది! కాబట్టి మంచి టూల్ నాలుగు జాగ్రత్తలు తీసుకుంటుంది. ప్రైమరీ కీ లేని పట్టికను దిద్దబోతే ముందే హెచ్చరిస్తుంది. ఏం మార్చబోతోందో చూపిస్తుంది. మనం 'సరే' అనేదాకా మార్పును ఖాయం చేయదు, వద్దంటే వెనక్కి తీసుకుంటుంది. ఒకే గడిని ఒకే సమయంలో ఇద్దరు దిద్దుతుంటే ఒకరి మార్పును చెప్పకుండా చెరిపేయదు.

చూడటానికి గళ్ళ కాగితంలా ఉంటుంది కానీ, ఇలాంటి టూల్ రాసేవాడి కష్టమంతా ఈ జాగ్రత్తల్లోనే ఉంటుంది.

4. రాసినవాడు ఒకరు, అమ్మినవాడు ఇంకొకరు

ఇక అసలు కథకు వద్దాం. 1978 ప్రాంతంలో కాలిఫోర్నియాలోని జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీలో వేన్ రాట్లిఫ్ అనే ఇంజనీరు పనిచేసేవారు. ఆఫీసులో ఫుట్‌బాల్ ఆటల మీద పందేలు కాసేవారు. గెలవాలంటే పాత ఆటల లెక్కలు పెట్టుకోవాలి, వాటిని వెతుక్కోవాలి. దానికోసం ఆయన తన ఇంట్లోని చిన్న కంప్యూటర్ మీద ఒక డేటాబేస్ ప్రోగ్రాము రాసుకున్నారు. ఆ లేబొరేటరీలో అప్పటికే పెద్ద కంప్యూటర్ మీద వాడుతున్న ఒక ప్రోగ్రామే దానికి ఆదర్శం. 'స్టార్ ట్రెక్' సీరియల్‌లోని మిస్టర్ స్పాక్ గుర్తుగా దానికి 'వల్కన్' అని పేరు పెట్టారు.

1979 అక్టోబరులో 'బైట్' పత్రికలో పావు పేజీ ప్రకటన ఇచ్చి అమ్మడం మొదలుపెట్టారు. ఆర్డర్లు బాగానే వచ్చాయి. కానీ పగలు ఉద్యోగం! రాత్రి ప్రోగ్రాము దిద్దాలి, డిస్కులు కాపీ చేయాలి, పార్సెళ్ళు కట్టాలి, కొన్నవారి సందేహాలు తీర్చాలి. కొన్ని నెలల్లోనే అలసిపోయి, ఇక ప్రకటనలు ఆపేద్దామనుకున్నారు. ప్రోగ్రాములో ఏ లోపమూ లేదు. అయినా అక్కడితో ఆగిపోయేదే!

అప్పుడు సాఫ్ట్‌వేర్ అమ్మే వ్యాపారంలో ఉన్న జార్జ్ టేట్, హాల్ లాష్లీ ఆయన్ని కలిశారు. అమ్మే బాధ్యత మాది అన్నారు. పేరు 'డీబేస్ టూ' అని మార్చారు. మరి డీబేస్ వన్ ఏది? అసలు లేనే లేదు! రెండో వెర్షన్ అంటే నలిగిన సరుకని కొనేవాడికి నమ్మకం కలుగుతుందని అలా పెట్టారు. కంపెనీ పేరు 'యాష్టన్-టేట్'. ఆ యాష్టన్ అనే మనిషీ లేడు, పేరు వినసొంపుగా ఉంటుందని చేర్చారు. ధర 695 డాలర్లు. ఓడ అడుగున చేరిన నీటిని తోడే పంపుతో తమ సరుకును పోలుస్తూ ఒక చిలిపి ప్రకటన వేశారు. అది చూసి నవ్వుకున్నవాళ్ళకు పేరు గుర్తుండిపోయింది.

లేని వెర్షన్, లేని మనిషి పేరు వాడుకోవడం ధర్మమా? ఇది మీరు ఇంట్లో అమ్మానాన్నలతో వాదించదగ్గ ప్రశ్న. నా మటుకు నాకు అది నచ్చదు. కానీ ఒక్క నిజం మాత్రం ఒప్పుకోవాలి. టేట్ గారు లేకపోతే డీబేస్ లేదు. రాట్లిఫ్ గారు లేకపోతే టేట్ గారికి అమ్మడానికి ఏమీ లేదు. "అడగందే అమ్మయినా పెట్టదు" అంటారు మన పెద్దలు. అలాగే, చెప్పందే ఎవరూ కొనరు.

5. పేరు గొప్ప, ఊరు దిబ్బ

1980ల మధ్యకు డీబేస్ చిన్న కంప్యూటర్ల డేటాబేస్‌లలో రారాజు. జార్జ్ టేట్ 1984 ఆగస్టులో, 40 ఏళ్ళ వయసులోనే గుండెపోటుతో మరణించారు. 1988లో కంపెనీ 'డీబేస్ ఫోర్' విడుదల చేసింది. అది తప్పులతడక. కొన్నవారు మొరపెట్టుకున్నా, సరిదిద్దిన వెర్షన్ రావడానికి 1990 దాకా పట్టింది. ఆ మధ్యలోనే, డీబేస్ భాషనే ఇంకా వేగంగా నడిపే 'ఫాక్స్‌బేస్' లాంటివి చేస్తున్న ఫాక్స్ సాఫ్ట్‌వేర్ అనే చిన్న కంపెనీ మీద కేసు వేసింది. కొన్నవారు తమ దారి తాము చూసుకున్నారు. 1991లో యాష్టన్-టేట్‌ను బోర్లాండ్ కంపెనీ కొనేసింది. 1992లో ఫాక్స్‌ను మైక్రోసాఫ్ట్ కొన్నది.

ఈ పేర్లు మీ అమ్మానాన్నలకు బాగా తెలుసు. 1990లలో హైదరాబాదు అమీర్‌పేటలోనూ, మన జిల్లా కేంద్రాల్లోని కంప్యూటర్ సెంటర్లలోనూ డీబేస్, ఫాక్స్‌ప్రో నేర్చుకున్నవారు మనలో ఎందరో! అడిగి చూడండి, వాళ్ళ కళ్ళల్లో మెరుపు చూస్తారు. ఆ ఫాక్స్‌ప్రో కూడా పోయింది. చివరి వెర్షన్ 2004లో వచ్చింది, మైక్రోసాఫ్ట్ 2015లో దాని బాధ్యత పూర్తిగా వదులుకుంది. టూల్ పోయినా లోపలి సమాచారం మిగలాలి. అందుకే మీ సమాచారాన్ని ఇంకో రూపంలో బయటికి తీసుకోనివ్వని టూల్‌ను నమ్మకండి.

6. అమ్మడానికి మూడు దారులు

ఈ కాలపు మూడు ఉదాహరణలు చూద్దాం. మొదటిది మన దేశానిది. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌ను దిద్దడానికి బెంగళూరులోని వెబ్‌యోగ్ కంపెనీ 'ఎస్‌క్యూఎల్‌యోగ్' అనే టూల్ చేసింది. ఒక రకాన్ని సోర్సుతో సహా ఉచితంగా ఇచ్చింది, ఎక్కువ సౌకర్యాలున్న రకాలను డబ్బుకు అమ్మింది. ఉచితంగా వాడినవాడే ప్రచారకుడు, అవసరం పెరిగితే కొనుగోలుదారుడు.

రెండోది ఈ దేశానిది. 1999లో కేంబ్రిడ్జిలో నీల్ డేవిడ్‌సన్, సైమన్ గాల్‌బ్రెయిత్ మొదలుపెట్టిన 'రెడ్‌గేట్' కంపెనీ. రెండు డేటాబేస్‌ల మధ్య తేడాలు చూపించే టూల్‌తో పేరు తెచ్చుకుంది. ముందు కొన్నాళ్ళు ఊరికే వాడి చూడమంటుంది, నచ్చితే కొనమంటుంది. సాఫ్ట్‌వేర్‌కు ధర ఎలా పెట్టాలో నీల్ డేవిడ్‌సన్ ఒక చిన్న పుస్తకమే రాశారు. ధర అంటే ఖర్చుకు లాభం కలపడం కాదు, కొనేవాడికి ఆ సరుకు ఎంత విలువైనదో తెలుసుకోవడం.

మూడోది 'డీబీ బ్రౌజర్ ఫర్ ఎస్‌క్యూలైట్'. ఇది పూర్తిగా ఉచితం, స్వచ్ఛంద సేవకులు నడుపుతున్నారు, మన బడిలాగే! ఎస్‌క్యూలైట్ అనేది మీ ఫోన్లలోనే ఉండే చిన్న డేటాబేస్.

7. మన మాట

మన తెలుగువాళ్ళం ప్రపంచమంతటా సాఫ్ట్‌వేర్ రాస్తున్నాం. సంతోషమే. కానీ ఎక్కువగా ఇతరుల టూళ్ళు ఇతరుల కోసం రాస్తున్నాం. మన సొంత సరుకు అన్నది తక్కువ. తెలివి తక్కువై కాదు. అమ్మడం చిన్నతనమని, కోడ్ రాయడమే గొప్పతనమని మనలో ఒక భావన ఉంది. ఇంట్లో పిల్లవాడు ప్రోగ్రాము రాస్తే చప్పట్లు కొడతాం. బడి సంబరాల్లో సమోసాల స్టాల్ నడిపి లెక్క అప్పజెప్పిన పిల్లను అంతగా మెచ్చుకోం. ఇద్దరికీ సమానంగా చప్పట్లు కొట్టాలి. ఆ ఇద్దరూ కలిస్తేనే ఒక డీబేస్!

అవసరాలు మన చుట్టూనే ఉన్నాయి. ఒక్కటి చెబుతాను. మన వర్ణమాలలో 'ళ' అక్షరం 'హ' తర్వాత వస్తుంది. కానీ కంప్యూటర్ సంకేతాల వరుసలో అది 'ల' పక్కనే, 'వ' కంటే ముందు ఉంది. అందుకని సంకేతాల ప్రకారం పేర్చే డేటాబేస్ 'కళ'ను ముందు, 'కవి'ని తర్వాత పెడుతుంది. మన వర్ణమాల వరుసలో కవి ముందు, కళ తర్వాత! ఈ చిక్కు తెలుగు చదివినవాడికే కనిపిస్తుంది. మీరు ఆదివారం పూట దిద్దే అక్షరాలు ఎందుకు పనికొస్తాయని అడుగుతుంటారుగా? ఇందుకూ పనికొస్తాయి.

అభ్యాసం

1. పెద్దల సాయంతో డీబీ బ్రౌజర్ దించుకోండి. 'మాటలు' అనే పట్టికలో మీ అమ్మమ్మ, తాతయ్యల దగ్గర విన్న 20 తెలుగు మాటలు, అర్థాలు, ఎవరు చెప్పారో రాయండి.
2. ఒక మాటను మార్చి, ఖాయం చేయకుండా వెనక్కి తీసుకోండి. ఏం జరిగింది?
3. అక్షర క్రమంలో పేర్చి, 'ళ' ఉన్న మాటలు ఎక్కడికి వెళ్ళాయో చూడండి.
4. మీ పట్టికను ముగ్గురికి ఇచ్చి ఒక మాట వెతకమనండి. నోరు విప్పకుండా చూడండి! వాళ్ళు ఎక్కడ తడబడ్డారో అక్కడే మీరు మార్చవలసింది ఉంది.
5. దీన్ని ఇంకో కుటుంబం వాడాలంటే వాళ్ళతో ఏం చెబుతారు? మూడు వాక్యాల్లో తెలుగులో ప్రకటన రాసి తరగతిలో చదవండి.

ఒక జాగ్రత్త: తోటి పిల్లల ఫోన్ నంబర్లు, ఎలర్జీల వంటి వివరాలు అభ్యాసానికి వాడకండి. అవి వాళ్ళ సొంతం. ఈ దేశపు చట్టం కూడా అదే చెబుతుంది.

మాటలు – అర్థాలు

పట్టిక: అడ్డు, నిలువు వరుసల్లో పేర్చిన సమాచారం
ప్రైమరీ కీ: ఒక వరుసను మరో వరుసతో పొరబడకుండా గుర్తించే సంఖ్య
ఖాయం చేయడం: మార్పును డేటాబేస్‌లో స్థిరంగా రాయడం
సరుకు: అమ్మడానికి తయారైన వస్తువు, సాఫ్ట్‌వేర్ కూడా సరుకే!