చేతికి పని, పనికి ఋజువు

అనుభవమే గొప్ప గురువని పెద్దలంటారు. ఆ మాటను మేము కాదనము. అయితే ఆ గురువు కూడా అప్పుడప్పుడు పొరబడవచ్చునని, పొరబాటును దిద్దుకొనే ఓర్పు ఉన్నవాడే నిజమైన విద్యావంతుడని వైద్యరంగంలోని ఒక చిన్న శాఖ మనకు బోధిస్తున్నది. ఆ శాఖ పేరు ఆక్యుపేషనల్ థెరపీ. తెలుగులో వృత్తి చికిత్స అంటున్నారు.

ఇక్కడ వృత్తి అనగా జీతం తెచ్చే ఉద్యోగం మాత్రమే కాదు. అన్నం కలిపి ముద్ద నోటికి అందించుకోవడం, చొక్కా గుండీలు పెట్టుకోవడం, వజూ చేసుకోవడం, మనుమరాలికి జడ వేయడం వంటి దినచర్యలన్నీ వృత్తులే. పక్షవాతం వల్లగాని, ప్రమాదం వల్లగాని, మానసిక వ్యాధి వల్లగాని ఆ పనులు చేజారినప్పుడు వాటిని తిరిగి అలవరచడమే ఈ చికిత్స లక్ష్యం. 1917లో అమెరికాలోని క్లిఫ్టన్ స్ప్రింగ్స్‌లో ఈ వృత్తివారి తొలి జాతీయ సంఘం ఏర్పడింది. మన దేశంలో 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో శ్రీమతి కమలా నింబ్కర్ తొలి శిక్షణాలయాన్ని నెలకొల్పారు.

గురువు చూపిన పద్ధతిని శిష్యుడు అనుసరించడం అన్ని వృత్తులలోను ఉన్నదే. కాని ఆ పద్ధతి వల్ల నిజంగా మేలు కలుగుతున్నదా? చికిత్సలన్నిటినీ నిష్పాక్షికంగా పరీక్షించి చూడాలని 1972లో బ్రిటిష్ వైద్యుడు ఆర్చీ కాక్రేన్ తన గ్రంథంలో వాదించారు. పరిశోధన ఇచ్చిన ఋజువు, చికిత్సకుని అనుభవం, రోగి అభీష్టం అనే మూడింటినీ కలిపి నిర్ణయం తీసుకోవాలని 1996లో డేవిడ్ సాకెట్, ఆయన సహచరులు వివరించారు.

ఇందుకు రెండు ఉదాహరణలు చూద్దాం. పక్షవాతం వచ్చినవారి మణికట్టు వంగి బిగుసుకొనిపోకుండా రాత్రివేళ స్ప్లింటు కట్టడం చిరకాలపు ఆచారం. 2007లో ప్రచురితమైన ఒక ఆస్ట్రేలియా పరిశోధనలో 63 మంది రోగులను చీటీలు తీసినట్లు మూడు వర్గాలుగా విభజించారు. రెండు వర్గాలకు రెండు రకాల స్ప్లింట్లు నాలుగు వారాలు కట్టారు. మూడవ వర్గానికి కట్టలేదు. చివరకు స్ప్లింటు కట్టినందువల్ల బిగుసుకొనడం తగ్గలేదని తేలింది. స్ప్లింటు అన్నిచోట్లా వ్యర్థమని దీని అర్థం కాదు. ఈ ప్రయోజనానికి, ఈ విధంగా వాడితే ఫలితం కనబడలేదని మాత్రమే అర్థం.

రెండవది లాస్ ఏంజెలిస్ నగరంలోనిది. వృద్ధులకు ఏదో ఒక కాలక్షేపం కల్పిస్తే చాలునని లోకం భావిస్తుంది. 1997లో వెలువడిన ఆ పరిశోధనలో అరవై ఏండ్లు నిండిన 361 మంది పాల్గొన్నారు. వృత్తి చికిత్సకుల మార్గదర్శనంలో తమ దినచర్యను తామే తీర్చిదిద్దుకొన్నవారికి తొమ్మిది నెలలలో ఆరోగ్యంలోను, జీవన సంతృప్తిలోను మేలు కనిపించింది. కేవలం కాలక్షేప కార్యక్రమాలకు వచ్చినవారు ఏ సహాయమూ పొందనివారికంటె మెరుగుపడలేదు. మంచి మనసు ఒక్కటే చాలదని ఇంతకంటె స్పష్టంగా ఎవరు చెప్పగలరు?

అలాగని దూరదేశపు ఋజువును కళ్ళు మూసుకొని తెచ్చుకోవడమూ తగదు. మెదడు కుడిభాగం దెబ్బతిన్న కొందరికి ఎడమవైపు ధ్యాస తప్పుతుంది. అట్టివారు తెలుగు పంక్తి మొదలును విడిచిపెట్టవచ్చు. ఉర్దూ పంక్తిలోనైతే చివరను విడిచిపెట్టవచ్చు. ఆంగ్లం చదివేవారి కోసం రచించిన పరీక్షను యథాతథంగా వాడితే చికిత్సకుడు మోసపోతాడు. రెండు లిపులనూ ఎరిగిన మన విద్యార్థులు ఈ సూక్ష్మాన్ని సులభంగా గ్రహించగలరు. నేలపై కూర్చుని భుజించే ఇంటికి, కుర్చీ బల్లలున్న ఇంటికి ఒకే సలహా పనికిరాదని వేరుగా చెప్పనక్కరలేదు.

కనుకనే ఈ వృత్తిలో చదువు పట్టాతో ముగియదు. 2021లో పార్లమెంటు ఆమోదించిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం పరిధిలో వృత్తి చికిత్స కూడా చేరింది. చట్టం అర్హతను గుర్తించగలదు గాని, జిజ్ఞాసను పుట్టించజాలదు. కొత్త పరిశోధనను చదవడం, తన రోగుల ఫలితాలను వ్రాసి ఉంచుకోవడం, తోటివారితో చర్చించడం, తప్పని తేలినదాన్ని వదలుకోవడం జీవితాంతం సాగవలసిన పనులు.

విద్యార్థి సోదర సోదరీమణులారా! మీలో కొందరే చికిత్సకులు కావచ్చు. కాని ప్రతి ఇంటా ఏదో ఒకనాడు మంచం పట్టిన పెద్దవారు ఉంటారు. ఆనాడు ఎవరేమి సలహా ఇచ్చినా, "దీనివల్ల మేలు కలుగుతుందని ఎలా తెలిసింది?" అని వినయంగా అడగండి. ఆ ప్రశ్నకు తావిచ్చే చోటనే విద్య సజీవంగా ఉంటుందని మా విశ్వాసం.