నాందేడ్ విమానం, సరకు రవాణా మార్కెట్

2017 ఏప్రిల్ 27న ప్రాంతీయ విమాన సేవల పథకం ఉడాన్ కింద మొదలైన తొలి సర్వీసుల్లో హైదరాబాద్-నాందేడ్, హైదరాబాద్-కడప ఉన్నాయి. సిమ్లాలో ప్రధాని పచ్చజెండా ఊపారు. ఈ రెండు మార్గాల్లోనూ హైదరాబాద్ సంస్థ ట్రూజెట్ రెండు ఇంజన్ల టర్బోప్రాప్ విమానం ఏటీఆర్-72ను నడిపింది.

టర్బోప్రాప్‌లో గ్యాస్ టర్బైన్ శక్తి ప్రొపెల్లర్‌ను తిప్పుతుంది. తక్కువ దూరాలకు జెట్ కంటే ఇంధనం ఆదా, పొట్టి రన్‌వే చాలు.

ఇలాంటి టర్బోప్రాప్‌లలో సరకు రవాణాకు కొత్త విమానాల గిరాకీ పెంచింది ప్రధానంగా అమెరికా కొరియర్ సంస్థ ఫెడెక్స్. ఇక్కడ తేదీ గుర్తుంచుకోండి: 2017 నవంబరు. ఆ ఒక్క నెలలోనే ఏటీఆర్ 72-600ఎఫ్ సరకు విమానాలు 30, సెస్నా స్కైకొరియర్ విమానాలు 50 ఖాయంగా ఆర్డరిచ్చింది. తొలి ఏటీఆర్ 2020 డిసెంబరులో, తొలి స్కైకొరియర్ 2022 మేలో చేతికందాయి. స్కైకొరియర్ సుమారు 2.7 టన్నులు, మూడు ఎల్‌డీ3 రకం విమాన సరకు కంటైనర్లు మోస్తుంది. పాత ప్రయాణికుల విమానాలను సరకుకు మార్చుకునే అలవాటున్న రంగంలో ఇలా కొత్త విమానాలకే ఆర్డరివ్వడం పెద్ద మలుపే.

మన దేశంలో స్కైకొరియర్ తరగతికి దగ్గరిది కాన్పూర్‌లో హెచ్ఏఎల్ తయారుచేసే 19 సీట్ల డోర్నియర్-228. అర్ధాపూర్ అరటికి పేరున్న నాందేడ్ వంటి జిల్లాలకు ఇలాంటి సరకు విమానాలు రావాలి. ఇందుకు తోడ్పడగల వ్యవసాయ ఉత్పత్తుల విమాన రవాణా పథకం కృషి ఉడాన్‌ను 2020లో ప్రకటించారు, దాని 2.0 రూపం 2021 అక్టోబరులో వచ్చింది.