చార్మినార్ గుమ్మంలో ఒక అక్షరం

ప్రశ్న: నాణేలు సేకరించేవారు ఖరీదైనవాటిని వదిలి, మామూలు రూపాయినే తమకిష్టమైనదని చూపిస్తారెందుకు?
– ఒక పాఠకురాలు, సోమాజిగూడ

జవాబు: ధర వేరు, మక్కువ వేరు.

హైదరాబాద్ రాజ్యపు హాలీ సిక్కా వెండి రూపాయినే తీసుకోండి. అరుదైనదేమీ కాదు. అయినా దాన్ని ప్రాణంగా చూసుకునేవారున్నారు. 11 గ్రాములు దాటిన బరువు, నడుమ చార్మినార్, చుట్టూ పర్షియన్ అక్షరాలు. భూతద్దం పెడితే చార్మినార్ గుమ్మంలో ఒక అక్షరం, అప్పటి నిజాం పేరులో మొదటిది, కనిపిస్తుంది: మహబూబ్ అలీఖాన్ కాలపు నాణెంపై ‘మీమ్’, ఉస్మాన్ అలీఖాన్ నాణెంపై ‘ఐన్’. 1911లో ఉస్మాన్ గద్దెనెక్కిన కొత్తలో ఈ ‘ఐన్’ పొట్టిగా ఉండేది, తర్వాత పూర్తిగా చెక్కారు. ఆ తేడాను సొంత కంటితో పట్టుకున్న రోజే నాణెం మనదవుతుంది. నిజానికి సేకరణలో అసలు ఆనందం ఇదే.

ఊరి బంధం మరో కారణం. ఈ రూపాయలు ముద్రించిన సైఫాబాద్ టంకశాల 1903 నాటిది, సోమాజిగూడకు దగ్గరే. 2022లో అక్కడ మ్యూజియం తెరిచారు.

మీ ఇంట్లో తాతల నాటి రూపాయి ఉంటే చింతపండుతో తోమకండి. మెరుపు వస్తుంది కానీ, పాత వెండి రంగూ విలువా పోతాయి.