చూరు కింద పలకలు బిగించడం - రెండు భౌతికశాస్త్ర పాఠాలు



ఉమ్మడి పాలమూరు, నల్లగొండ జిల్లాల పల్లెల్లో గూన పెంకుటిళ్లు తగ్గి రేకుల ఇళ్లు పెరిగాయి. గోడ దాటి బయటికి వచ్చిన కప్పు భాగాన్ని చూరు అంటాం. అది గోడను ఎండ నుండి, వాన జల్లు నుండి కాపాడుతుంది. దాని అడుగుభాగం తెరిచి ఉంటే కందిరీగలు, ఉడతలు, ఎలుకలు చేరతాయి. అందుకే అక్కడ పి.వి.సి. పలకలు బిగిస్తారు.

మా నాయిన కూలికి హైదరాబాద్ వలసపోయి సీలింగు పని నేర్చుకున్నాడు. ఎందరి ఇళ్లకో పలకలు బిగించాడు. మా రేకుల ఇంటికి మాత్రం మేము ఎం.ఎస్సీ.లో చేరిన ఏడాదే బిగించగలిగాడు. సెలవుల్లో మేమూ చేయి వేశాం. ఎలుకల బాధ పోవాలని గోడకూ రేకుకూ మధ్యనున్న సందంతా మూసేశాం. ఆ ఎండాకాలం ఇల్లు కుంపటి అయింది. నాయనమ్మ కళ్లు తిరిగి పడిపోయింది. పలకలు ఉబ్బి వంకరపోయాయి. మా ఇంట్లో డిగ్రీ చదివింది మేమే మొదలు. అయినా చదివిన పాఠం ఇంటికి అక్కరకు రాలేదే అని సిగ్గుపడ్డాం.

మొదటి పాఠం: వేడెక్కిన గాలి తేలికై పైకి పోతుంది. రేకు కింద చేరిన ఆ గాలి బయటపడటానికి దారి కావాలి. కనుక చూరుకు అన్నీ మూసిన పలకలే వేయరాదు. మధ్య మధ్య సన్నని రంధ్రాల పలకలు వేయాలి. కప్పు ఎత్తైన చోట కూడా గాలి పోయే దారి ఉంచాలి. రంధ్రాల గుండా గాలి ఆడుతుంది, ఎలుక దూరదు.

రెండవ పాఠం: వేడికి వస్తువులు వ్యాకోచిస్తాయి. పి.వి.సి. ఒక డిగ్రీకి తన పొడవులో లక్షకు సుమారు 6 వంతులు పెరుగుతుంది. 3 మీటర్ల చానల్ చలికాలపు 15 డిగ్రీల నుండి రేకు కింద 55 డిగ్రీలకు చేరితే: 3000 × 0.00006 × 40 = 7.2 మిల్లీమీటర్లు. చలిలో బిగిస్తే ఆ మేరకు సందు వదలాలి. మంచి ఎండలో బిగిస్తే కొద్దిగా చాలు.

బిగించే విధానం:

1. లెవల్ పైపుతో గోడపై గుర్తులు పెట్టి, దారం పట్టి, గోడవైపు చానల్ బిగించాలి. చూరు అంచున రెండవ చానల్ రావాలి.

2. రెండు చానళ్ల లోపలి అంచుల మధ్య కొలిచి, పలకను 6 మిల్లీమీటర్లు తక్కువగా కోయాలి.

3. పలకను వంచి రెండు చానళ్లలో కూర్చోబెట్టి, ముందు పలక గాడిలోకి జరపాలి.

4. స్క్రూ పొడవాటి రంధ్రం నడుమ పడాలి. పూర్తిగా బిగించరాదు, పలక అటూ ఇటూ కదలాలి.

5. చూరు వెడల్పు ఒకటిన్నర అడుగు దాటితే నడుమ ఒక బద్దె ఆసరాగా వేయాలి.

జాగ్రత్తలు: సిమెంటు రేకులకు రంధ్రాలు వేయరాదు, కోయరాదు. వాటిలోని ఆస్‌బెస్టాస్ ధూళి ఊపిరితిత్తుల కేన్సర్‌కు కారణమవుతుంది. చట్రాన్ని గోడకు, దూలానికే బిగించాలి. కట్టెల పొయ్యి ఉన్న వైపు ఈ పలకలు వద్దు. వేడికి మెత్తబడతాయి. అంటుకుంటే హైడ్రోజన్ క్లోరైడ్ అనే ఘాటైన విషవాయువు వస్తుంది. పని మొదలుపెట్టే ముందు కరెంటు ఆపాలి.

2015 మే నెల వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యి మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది పేదలు, ముసలివారు. కాబట్టి ఇంట్లోకి గాలి ఆడటం చిన్న సంగతి కాదు.

మరుసటి సెలవుల్లో పలకలు విప్పి మళ్లీ బిగించాం. "లెక్క నువ్వు చెప్పు బిడ్డా, పలక నేను కోస్త" అన్నాడు నాయిన. ఇప్పుడు నాయనమ్మ మధ్యాహ్నం ఇంట్లోనే పడుకుంటుంది. మిత్రులారా, సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఒకసారి మీ చూరు కిందికి కూడా తొంగి చూడండి. మన పుస్తకంలోని పాఠం అక్కడ కూడా ఉంది.