తెర మీది ఫోటో కాగితం మీదికి

పోయినేడాది మా నాన్నగారి సంవత్సరీకానికి ఇండియా వెళ్తూ, ఆయన ఫోటో ఒకటి పెద్దది చేయించి పట్టుకెళ్దామనుకున్నాను. ఎప్పుడో తమ్ముడు ఫ్యామిలీ గ్రూపులో పెట్టిన ఫోటో ఒకటుంది. భీమవరంలో మా ఇంటి అరుగు మీద పేపరు చదువుకుంటూ, ఎవరో పిలిస్తే తలెత్తినట్టుంటారు. కెమెరా చూస్తే బిగుసుకుపోయే మనిషి మామూలుగా దొరికింది ఆ ఒక్క ఫోటోలోనే. దాన్నే ఇక్కడ న్యూజెర్సీలో మా ఇంటి దగ్గర ఫోటో కౌంటరుకి పంపి, 16 బై 20 అంగుళాల ప్రింటు ఆర్డరిచ్చాను. తెచ్చి చూసుకుంటే మొహం మైనం ముద్దలా ఉంది. కళ్ళజోడు అంచులు మెట్లు మెట్లుగా ఉన్నాయి. చామనఛాయ మనిషి కాస్తా తెల్లగా పాలిపోయారు. వీడియో కాల్లో అమ్మకి చూపిస్తే కాసేపు తేరిపార చూసి, "ఎవర్రా ఇది?" అంది.

ప్రయాణానికి ఇంకా పన్నెండు రోజులుంది. బొమ్మంటే అంకెల పట్టిక అని తెలిసిన ఉద్యోగమే నాదీనూ. ఆర్డరిచ్చే ముందు ఒక్క భాగహారం చేసి ఉంటే సరిపోయేది. ఆ పన్నెండు రోజుల్లో నేను తెలుసుకున్న సంగతులు మీకూ పనికొస్తాయేమోనని రాస్తున్నాను.

ముందు ఆ భాగహారం. గ్రూపులోంచి నేను తీసుకున్న ఫైలు 1600 బై 1200 పిక్సెళ్ళు. 16 బై 20 కాగితానికి సరిపడా అంచులు కోస్తే మిగిలేది 1500 బై 1200. పన్నెండు వందల్ని 16తో భాగిస్తే అంగుళానికి 75 పిక్సెళ్ళు. చేత్తో పట్టుకుని చూసే ప్రింటుకి 300 ఉంటే కంటికి ఏ లోటూ తెలియదు. గోడకి తగిలించి నాలుగైదు అడుగుల నుంచి చూసేదానికి 150 నుంచి 200 దాకా ఉన్నా చాలు. 75 మాత్రం రోడ్డు పక్క హోర్డింగుకే పనికొస్తుంది. అదే ఫైలుతో 4 బై 6 వేయించి ఉంటే ఫర్వాలేదనిపించేది.

ఇక్కడ చాలామంది ఇంకో పొరపాటు చేస్తారు. ఫోటో ఎడిటర్లో డీపీఐ అన్నచోట 72 తీసేసి 300 అని కొట్టి, పని అయిపోయిందనుకుంటారు. అది ఫైలు హెడర్‌లో ఉండే ఒక అంకె. కోడ్‌లో కామెంటు మార్చినట్టే, దానివల్ల ఒక్క పిక్సెల్ కూడా పెరగదు.

కాబట్టి అసలు ఫైలు కావాలి. మెసేజి యాప్‌లు ఫోటోని మామూలుగా పంపితే కుదించేస్తాయి. "డాక్యుమెంటు" అని ఎంచి పంపినా, క్లౌడ్ లింకు ఇచ్చినా ఉన్నది ఉన్నట్టు వస్తుంది. మా తమ్ముడు ఫోను మార్చి చాలాకాలమైంది. పాతది బీరువాలోంచి తీసి ఛార్జింగు పెట్టి, ఫోటో వెతికి, మళ్ళీ అదే గ్రూపులో పెట్టాడు! "ఒరేయ్, అలా కాదురా" అని ఫోన్లో కూర్చోబెట్టి చెప్పాక అసలుది వచ్చింది. 4032 బై 3024. ఇప్పుడు అదే 16 బై 20కి అంగుళానికి 189 పిక్సెళ్ళు. గోడ మీదికి నిక్షేపంలా సరిపోతుంది.

ఆ ఫైలు దొరికేలోపు ఏఐతో ఫోటోలు పెద్దవి చేసే సాఫ్ట్‌వేర్ ఒకటి కూడా వాడి చూశాను. బొమ్మ అద్భుతంగా పదునెక్కింది. కానీ నాన్నగారి చెంప మీది మచ్చ పోయింది, ఎన్నడూ లేనంత ఒత్తుగా కనురెప్పల వెంట్రుకలు మొలిచాయి. లేని వివరాన్ని అది ఊహించి గీస్తుంది మరి. కొండలకీ చెట్లకీ అలాంటివి వాడుకోండి గానీ, మనవాళ్ళ మొహాలకి వద్దనే నా అభిప్రాయం. అసలు ఫైలు దొరకకపోతే ఫోటోని 5 బై 7కే వేయించి, చుట్టూ వెడల్పాటి మ్యాట్ బోర్డు పెట్టి పెద్ద ఫ్రేము కట్టించండి. చాలా హుందాగా ఉంటుంది.

కొలతల సంగతి. చాలా ఫోన్ల ఫోటోలు 4:3లో ఉంటాయి, 4 బై 6 కాగితం 3:2. అంటే బొమ్మలో తొమ్మిదో వంతు పైనో కిందో ఎగిరిపోతుంది. ఏది ఎగరాలో మీరే క్రాప్ చేసి పంపకపోతే మెషీను నిర్ణయిస్తుంది. పెళ్ళి గ్రూపు ఫోటోల్లో వెనక వరస తలకాయలు పోయేది ఇలాగే.

ఇక రంగు. తెర తనంతట తాను వెలుగుతుంది, కాగితం మీద పడ్డ వెలుతురునే తిప్పికొడుతుంది. ఫోను బ్రైట్‌నెస్ పూర్తిగా పెట్టుకుని ఫోటో బాగుందనుకుంటే ప్రింటు చీకటిగా వచ్చి తీరుతుంది. బ్రైట్‌నెస్ సగానికి తగ్గించి, తెల్ల కాగితం పక్కన పెట్టి చూసుకుంటే ఆ రెండింటి తేడా కొంత అంచనాకొస్తుంది. రెండోది, రంగుల ప్రొఫైలు. చాలా ల్యాబులు ఆశించేది ఎస్‌ఆర్‌జీబీ, 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి ప్రతిపాదించినది. ఐఫోన్లు మాత్రం 2016 నాటి ఐఫోన్ 7 నుంచీ డిస్‌ప్లే పీ3లో ఫోటోలు తీస్తున్నాయి. ల్యాబువాళ్ళ సాఫ్ట్‌వేర్ ఆ ప్రొఫైలుని పట్టించుకోకపోతే అమ్మ కనకాంబరం రంగు పట్టుచీర వెలిసిపోయినట్టు వస్తుంది. మీరే ఎస్‌ఆర్‌జీబీకి మార్చి, జేపెగ్‌గా సేవ్ చేసి పంపండి. ఎడిటర్లో "కన్వర్ట్" నొక్కాలి, "అసైన్" కాదు. రెండోది అంకెల్ని అలాగే ఉంచి వాటి అర్థం మార్చేస్తుంది.

నాన్నగారు తెల్లబడడానికి కారణం వేరే. ఆర్డరు పేజీలో ఆటోమేటిక్ కరెక్షన్ అని ఒక టిక్ ముందే పెట్టి ఉంటుంది. మొహం నల్లగా ఉంటే ఫోటో సరిగ్గా పడలేదని దాని లెక్క. ఆ టిక్ తీసేయండి. మనవాళ్ళ ఫోటోలకి ఇది మరీ ముఖ్యం.

పెద్ద ప్రింటుకి డబ్బు పోసే ముందు నేను చేసిన పని ఒకటి చెప్తాను, అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడింది ఇదే. క్రాప్ చేసిన పెద్ద ఫైల్లోంచి మొహం ఉన్న ముక్క మాత్రం 1134 బై 756 పిక్సెళ్ళు కోసి, 4 బై 6 ప్రింటు వేయించాను. 189ని ఆరుతో, నాలుగుతో హెచ్చవేస్తే వచ్చిన అంకెలవి. పెద్ద ప్రింటులో మొహం ఎంత ఉంటుందో, ఎంత పదునుగా ఉంటుందో అచ్చం అలాగే ఈ చిన్న ముక్క మీద కనిపిస్తుంది. ఒకటి ఉన్నదున్నట్టు, రెండోది కాస్త వెలుగు పెంచి, మూడోది ఇంకాస్త పెంచి, మూడు వేయించి కిటికీ దగ్గర పెట్టి చూశాను. రెండోది నాన్నగారిలా ఉంది. ఈ పరీక్ష, పెద్దది వేయించే ల్యాబులోనే చేయాలి సుమా. మెషీను మారితే రంగూ మారుతుంది.

కాగితం దగ్గర మరీ తికమక పడక్కర్లేదు. గ్లాసీ అయితే రంగు మెరుస్తుంది, కిటికీ వెలుతురూ వేలిముద్రలూ కూడా మెరుస్తాయి. నేను లస్టర్ తీసుకున్నాను. గోదావరి జిల్లా వానాకాలం చెమ్మకి ప్రింటు అద్దానికి అతుక్కుపోయే ప్రమాదముంది. తీయబోతే బొమ్మ పొర ఊడొస్తుంది. అందుకని మ్యాట్ బోర్డు పెట్టించి, అద్దానికీ ఫోటోకీ మధ్య ఖాళీ ఉంచాలి. ఎండ నేరుగా పడే గోడా వద్దు.

రెండు కాపీలు వేయించి, చుట్టి, అట్ట గొట్టంలో పెట్టి తీసుకెళ్ళాను. భీమవరంలో ఫ్రేము కట్టేవాడు ఒక్క రోజులో కట్టిచ్చాడు. అమ్మ అద్దం తుడిచి, దండ కొలత చూసుకుని, "పేపరు కూడా చదివేట్టుందిరా" అంది. హెడ్డింగులు నిజంగానే చదవొచ్చు. రెండో కాపీ ఇంకా నా దగ్గర గొట్టంలోనే ఉంది. ఇక్కడ ఫ్రేముకి చెప్పిన ధర వింటే, మళ్ళీ భీమవరం వెళ్ళేదాకా ఆగడమే మంచిదనిపించింది.